చొక్కా చాటు బనీను

ప్రొద్దుటూరు బట్టల అంగట్లో కూర్చున్నాం, నేనూ మా అక్క కొడుకూ. వాడు పులివెందులలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. కంపెనీ వాళ్లు కాలేజీకొచ్చి ఇంటర్వ్యూలు చేసే రోజు దగ్గరపడింది. తెల్ల చొక్కా కావాలి. అంగడాయన నాలుగు గుడ్డలు ముందర పరిచి, ఒకదాని మడత విప్పి, లోపలికి చెయ్యి దూర్చి అయిదు వేళ్లూ చాపాడు.

"ఇది చూడు సామీ. వేళ్లు కనపడితే ఆ గుడ్డ తీసి పక్కన పెడతా."

వేళ్లు కనపడీ కనపడనట్టు ఉన్నాయి. చామనచాయ చెయ్యి తెల్ల గుడ్డ కింద లేత నీడలాగా కరిగిపోయింది. ఉంగరం ఉన్నచోట మాత్రం సన్నటి వెలుగు గీత. నాకెందుకో తోచి, బల్ల మీదున్న తెల్ల బిల్లు కాగితం తీసి ఆయన అరచేతి మీద సగం దాకా కప్పి, పైన మళ్లీ గుడ్డ పరిచాను. ఈసారి చెయ్యి కాదు, కాగితం కనపడింది. దాని అంచు గీత గీసినట్టు, మూల మూలగానే తెలిసిపోయింది. అదే కాగితం, అదే చెయ్యి, అదే గుడ్డ. తెల్లది తెల్లదాని కింద దాగలేదు. నల్లది దాగింది.

మావాడి బాధ కూడా ఇదే. కాలేజీలో తీసిన ఫొటో ఒకటి నాకు అంతకుముందే చూపించాడు. తెల్ల చొక్కా, లోపల కొత్త కట్ బనీను. భుజాల మీద రెండు పట్టీలు, చంకల దగ్గర రెండు వంపులు, రొమ్ము మీద అరచందమామలాంటి మెడ. చొక్కా మీద ఎవరో తెల్ల సుద్దతో బనీను బొమ్మ గీసినట్టే ఉంది.

"తెల్లదాని కింద తెల్లదే గదా మామా ఏసుకున్నా. మరి ఎట్ల కనపడతాంది?"

వాడు అడిగినదాంట్లో తప్పు లేదు. మన ఇళ్లల్లో తరతరాలుగా నమ్మేది అదే. చొక్కా రంగుకు బనీను రంగు కలవాలని. నిజానికి బనీను కలవాల్సింది చొక్కాతో కాదు, ఒంటితో. ఎందుకో తెలియాలంటే చొక్కాలోకి దూరిన వెలుతురు ఎటు పోతుందో, ఎంత తిరిగొస్తుందో లెక్క చూడాలి.

ముందుగా, నూలు గుడ్డ తెల్లగా ఎందుకుంటుంది? పత్తి పోగులో తెల్ల రంగేమీ లేదు. ఒక్కో పోగును విడిగా చూస్తే అది గాజు పుల్లలాగా వెలుతురును పోనిచ్చేదే. పటికబెల్లం గడ్డ అద్దంలా ఉండి, దంచితే తెల్లపొడి అయినట్టు, వేల పోగులు గజిబిజిగా అల్లుకున్నప్పుడు వాటి మధ్య గాలి చేరుతుంది. గాలిలోంచి పోగులోకి, పోగులోంచి గాలిలోకి దాటిన ప్రతిసారీ వెలుతురులో కొంత వెనక్కి మళ్లుతుంది. అన్ని రంగులూ సమానంగా మళ్లుతాయి కాబట్టి మన కంటికి అది తెలుపు. దట్టమైన గుడ్డయితే లోపలికి పోయిన వెలుతురు దాదాపు అంతా ఇట్లాగే తిరిగొచ్చేస్తుంది. పలచటి చొక్కా గుడ్డకు అంత దళం ఉండదు. కొంత వెలుతురు అవతలికి దాటుకుంటుంది. అక్కడ మొదలవుతుంది బనీను కథ.

లెక్క కోసం ఒక పలచటి తెల్ల చొక్కా అనుకుందాం. దాని మీద 100 పాళ్ల వెలుతురు పడితే 60 పాళ్లు పైనుంచే తిరిగొస్తాయి, 35 పాళ్లు లోపలికి దాటతాయి, 5 పాళ్లు గుడ్డలో ఇంకిపోతాయి. లోపల తెల్ల బనీను ఉంది. తన మీద పడిన దాంట్లో నూటికి 80 వంతులు అది వెనక్కి కొడుతుంది. అంటే 35లో 28 పాళ్లు మళ్లీ చొక్కా వైపు బయలుదేరాయి. వాటిలో సుమారు 10 పాళ్లు చొక్కా దాటి బయటికొస్తాయి. మిగతా వాటిలో ఎక్కువ భాగం చొక్కా లోపలి ముఖానికి తగిలి తిరిగి బనీను మీదికే పోతాయి, బనీను మళ్లీ వెనక్కి కొడుతుంది, మళ్లీ కొన్ని బయటపడతాయి. రెండు సున్నపు గోడల మధ్య బంతి ఆడినట్టు ఈ ఆట సాగుతుంది. అంతా కూడితే బనీను వల్ల బయటికొచ్చేది దాదాపు 19 పాళ్లు. చొక్కా సొంతంగా పంపిన 60తో కలిపితే 79.

ఇప్పుడు బనీను లేని చోటు చూద్దాం. అక్కడ చొక్కా కింద ఒళ్లే ఉంది. చామనచాయ ఒళ్లు నూటికి 25 వంతులు వెనక్కి పంపుతుందనుకుంటే, అదే లెక్కన బయటికొచ్చేది నాలుగు పాళ్లలోపు. మొత్తం 64. బనీను ఉన్నచోట 79, లేనిచోట 64. ఆ పదిహేను పాళ్ల తేడానే ఫొటోలో మావాడి భుజం మీద పట్టీ.

తెల్ల బనీను తీసేసి ముదురు బూడిద రంగుదో, కాఫీ రంగుదో వేస్తే? అది నూటికి 30 వంతులు తిప్పి పంపేదయితే మొత్తం 64.5. ఒంటి మీద 64, బనీను మీద 64.5. పట్టీ మాయమైనట్టే. పూర్తి నల్ల బనీను వేసినా 61 దగ్గర ఆగుతుంది. మన ఒంటి రంగుకు నలుపుతో వచ్చే తేడా మూడు పాళ్లు, తెలుపుతో వచ్చేది పదిహేను. తెల్ల చొక్కా కింద నల్ల బనీను అంటే ఎవరైనా వద్దంటారు. కానీ మన ఛాయ వాళ్లకు తెల్లదాని కంటే అదే నయమని లెక్క చెబుతోంది. అంకెలు గుడ్డను బట్టి, మనిషిని బట్టి మారతాయి, మన ఛాయ వాళ్లకు వరస మాత్రం మారదు. పొరల మీద పొరలుగా వెలుతురు చేసే ఈ ఆటకు సూత్రాలు చాలాకాలం కిందటే కట్టారు. 1931లో పాల్ కుబెల్కా, ఫ్రాంజ్ మంక్ అనే ఇద్దరు రంగుల పూత కింద ఉన్నది ఎంతవరకు కనపడుతుందో లెక్కగట్టే సమీకరణాలు రాశారు. గోడకు రెండో కోటు వెయ్యాలా వద్దా అనే ప్రశ్నకూ, మావాడి బనీను ప్రశ్నకూ సమాధానం ఒకే చోట ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అంగట్లో 'స్కిన్ కలర్' అని అడిగితే చాలాచోట్ల లేత గులాబీ కలిసిన గంధం రంగు బనీను తీసి ఇస్తారు. అది ఎవరి స్కిన్? పెన్నా ఒడ్డున ఎండలో తిరిగే మనిషిది కాదు. నల్లరేగడి చేలో పత్తి తీసే తల్లిదీ కాదు. లేత చర్మం ఉన్న దేశాల కోసం పుట్టిన రంగు పేరు మన దాకా నడిచొచ్చింది, అంతే. అమెరికాలో క్రేయాన్లు తయారుచేసే క్రేయోలా కంపెనీ తన 'ఫ్లెష్' రంగు పేరును 1962లో 'పీచ్' అని మార్చుకుంది. మనుషులందరి ఒళ్లూ ఒకే రంగు కాదని ఒప్పుకోవడం అది. మన అంగళ్లలో ఆ మార్పు ఇంకా రావాలి. చామనచాయ మనిషికి చర్మం రంగు బనీను అంటే కాఫీ రంగు, ముదురు గోధుమ, ఇటుకరాయి నీడలో ఉండే గోధుమ. బూడిద రంగు ఎందుకు పనికొస్తుందంటే, పైన చొక్కా రంగుల తేడాను చాలావరకు కప్పేసి వెలుగు తేడాను మాత్రమే బయటపెడుతుంది. వెలుగు కలిస్తే చాలావరకు గెలిచినట్టే.

రంగు పోల్చేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. బనీను తీసి ముంజేతి మీద పెట్టి చూసుకుంటారు. ముంజెయ్యి ఎండకు మాడినది. చొక్కా కింద ఉండే భుజమూ రొమ్మూ దానికంటే రెండు మూడు ఛాయలు లేత. మోచేతికి పైన, అంగీ మడత దాటాక ఉండే రంగే అసలు రంగు. అక్కడ పెట్టి చూడాలి.

కళ్లు ఇంత చిన్న తేడాను ఎట్లా పట్టేస్తాయన్నది ఇంకో సంగతి. ప్రొద్దుటూరును పసిడిపురి అంటారు కదా, దీనికి సమాధానం అక్కడి బంగారు అంగళ్లలోనే దొరుకుతుంది. గీటురాయి మీద ఆచారి నగతో ఒక గీత గీస్తాడు. దాని పక్కనే, వన్నె తెలిసిన బంగారంతో ఇంకో గీత. ఒక్క గీతను చూసి ఇది ఇన్ని కారెట్లని చెప్పడం ఎంత అనుభవం ఉన్నా కష్టం. రెండూ పక్కపక్కన ఉంటే పసుపులో పిసరంత తేడా కూడా తెలిసిపోతుంది. మన కన్ను విడిగా రంగును కొలవడంలో బలహీనం, పక్కపక్కన పెట్టి పోల్చడంలో గట్టిది. మంచి వెలుతురులో నూటికి ఒకటి రెండు వంతుల తేడా ఉన్నా అంచును పట్టేస్తుంది. పైగా ఆ అంచును కన్ను ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తుంది. ముదురు వైపు ఇంకాస్త ముదురుగా, లేత వైపు ఇంకాస్త లేతగా. ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ 1865లో దీన్ని వివరించాడు. కంటి వెనక పొరలో ఒక్కో నాడీకణం తన పక్క కణాలను అణగదొక్కుతుంది కాబట్టి ఇట్లా జరుగుతుంది. ఒళ్లంతా కప్పేసిన బనీను ఎంత తెల్లగా ఉన్నా ఎవరూ గమనించరు. పోల్చడానికి పక్కన ఏమీ లేదు గనక. బనీను మనల్ని పట్టిచ్చేది దాని రంగుతో కాదు, అది ఆగిపోయిన చోటుతో.

అందుకే కట్ బనీనుకు చిక్కులెక్కువ. శాండో అని కూడా అంటారు దాన్ని. యూజెన్ శాండో అనే వస్తాదు పేరు మీద వచ్చిన మాట అది. కండలు కనపడే తరహా. భుజం మీద రెండు అంచులు, చంకలో రెండు, మెడ కింద ఒకటి, ఇన్ని అంచులు దాచాలంటే కష్టం. చేతుల బనీనుకు అంచు భుజం దాటి జబ్బ మీదికి పోతుంది. చొక్కా అక్కడ వదులుగా, మడతలతో ఉంటుంది కాబట్టి కన్ను అంత తేలిగ్గా పట్టుకోలేదు. మెడ అంచు కాలరు లోపలే ఉండాలి, పై గుండీ తీస్తే బయటపడకూడదు. పై గుండీ తీసి తిరిగే అలవాటున్నవాళ్లకు ఆంగ్లం వి అక్షరంలాంటి మెడ తప్పదు. అంచు మందంగా మడిచి కుట్టిందయితే రంగు కలిసినా లాభం లేదు. ఆ మందం చొక్కాను పైకి లేపుతుంది, పక్క నుంచి వెలుతురు పడితే దాని నీడ గీతలాగా కనపడుతుంది. వేలితో నిమిరితే అంచు తెలియకూడదు, అదే కొలత.

చొక్కా ఒంటికి ఎంత అతుక్కుని ఉందన్నది కూడా ముఖ్యమే. ఇది తోలుబొమ్మలాట చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరు. తెల్ల పంచె తెరకు బొమ్మను అదిమిపెట్టినప్పుడు రావణుడి పది తలలూ, తలల మీది కిరీటాల చిల్లులూ విడివిడిగా కనపడతాయి. బొమ్మను జానెడు వెనక్కి తీస్తే అంచులు చెదిరి మసకయిపోతుంది. తెర వెలుతురును చెల్లాచెదురు చేస్తుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ బొమ్మ కరిగిపోతుంది. చొక్కా తెర, బనీను బొమ్మ. వీపుకు అతుక్కున్న బిగుతు చొక్కాలో బనీను రావణుడి కిరీటంలాగా కనపడుతుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన వదులు చొక్కాలో వేలెడు గాలి మధ్యలో నిలబడి దాన్ని చెరిపేస్తుంది. మా తాతల తరం తెల్ల చొక్కాలు తెల్ల బనీన్ల మీదే వేసుకున్నా అంతగా కనపడలేదంటే, దానికి కారణం గంజీ, వదులూ, దట్టమైన గుడ్డా.

గుడ్డ సంగతికొస్తే జమ్మలమడుగు వైపు పోవాలి. ఆ చుట్టుపక్కల మగ్గం గుంటలో కాళ్లాడించిన ఇళ్లకు గుడ్డ ఎందుకు పారదర్శకమవుతుందో పుస్తకం చూసి నేర్చుకోవలసిన పని లేదు. అచ్చులో పడుగు పోగులు ఎంత దగ్గరగా ఉన్నాయి, పేక ఎంత గట్టిగా కొట్టారు, నూలు ఎంత లావు, ఈ మూడిటితోనే గుడ్డ కప్పేది తేలుతుంది. నూలు సన్నదనాన్ని కౌంటులో చెబుతారు. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయో అదే కౌంటు. 40 కౌంటు కంటే 80 సన్నం, 80 కంటే 100 సన్నం. సన్ననూలు గుడ్డ చేతికి వెన్నలా ఉంటుంది, ధర ఎక్కువ, దళం తక్కువ. కాబట్టి డబ్బు పెట్టి కొన్న మేలురకం చొక్కాలోంచే బనీను ఎక్కువ కనపడటం వింతేమీ కాదు. పోగును రెండు పేటలుగా పేని నేసిన సన్నగుడ్డ కొంత మెరుగు. సన్న గీతల చొక్కా ఇంకో రకంగా మేలు చేస్తుంది. దాని మీద అన్ని అంచులు ముందే ఉంటాయి, బనీను అంచు వాటి గుంపులో కలిసిపోతుంది.

ఇక ఎండ. మే నెలలో మా జిల్లాలో 43, 44 డిగ్రీలు మామూలు మాట. ఆ ఎండల్లోనూ పులివెందుల రాజకీయం తెల్ల బట్టల్లోనే నడిచింది. అక్కడి నాయకుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003 ఏప్రిల్‌లో చేవెళ్లలో పాదయాత్ర మొదలుపెట్టి ఇచ్ఛాపురం దాకా నడిచింది తెల్ల పంచె, తెల్ల చొక్కాతోనే. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది, అది మంచిదే. కానీ చెమటకు తడిసిన తెల్ల గుడ్డ తెల్లగా ఉండదు, అద్దంగా మారుతుంది.

ఎందుకని? మనకు తెలిసిన ఉగ్గాని బజ్జీ పొట్లం గుర్తుతెచ్చుకోండి. బజ్జీ పెట్టిన కాగితం మీద నూనె మరక పడినచోట అవతలి వైపు అక్షరాలు ఇవతలికి కనపడతాయి. కాగితమూ పత్తీ ఒకే పదార్థం, సెల్యులోజు. దాని వక్రీభవన గుణకం సుమారు 1.55, గాలిది 1. ఈ తేడా వల్ల పోగు అంచు దాటే ప్రతిసారీ వెలుతురులో నూటికి దాదాపు 4.7 వంతులు వెనక్కి మళ్లుతాయి. గాలి ఉన్నచోటికి నీళ్లు వస్తే నీటి గుణకం 1.33. తేడా తగ్గింది, వెనక్కి మళ్లేది నూటికి 0.6 వంతుకు పడిపోతుంది, ఎనిమిదో వంతు. నూనె గుణకం 1.47, తేడా ఇంకా తక్కువ, అందుకే తడి మరక కంటే నూనె మరక ఇంకా తేటగా ఉంటుంది. చెమట పట్టిన చొక్కాలో జరిగేది నీటి మరక సంగతి. పోగుల మధ్య గాలి పోయి నీరు చేరింది, తెలుపు పుట్టించే అంచులు పనిచేయడం మానేశాయి. పైగా తడి గుడ్డ ఒంటికి అతుక్కుంటుంది, తోలుబొమ్మ తెరకు అంటుకున్నట్టు.

బనీను ఉన్నదే దీనికోసం. చెమట చొక్కాకు చేరకముందే అది తాగాలి. పత్తి తన బరువులో నూటికి 8 వంతుల తేమను గాలిలోంచే పట్టుకోగలదు, పాలియెస్టరు అరవంతు కూడా పట్టుకోదు. ఒంటి మీది ఒక్కో గ్రాము చెమట ఆవిరయ్యేటప్పుడు దాదాపు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. ఆ ఆవిరి బయటికి పోవాలంటే బనీను పలచగా ఉండాలి. అందుకని కొందరు వల బనీను కొంటారు. గాలి బాగా ఆడుతుంది, నిజమే. కానీ తెల్ల వల అయితే చిన్న చిన్న చిల్లులన్నీ చొక్కా మీద చుక్కలుగా కనపడతాయి, అంచులు వందలు. వల కావాలంటే ముదురు రంగుదే తీసుకోవాలి. నన్నడిగితే చేతులున్న, సన్నగా అల్లిన పత్తి బనీను ఈ ఎండకు మేలు.

నీలం సంగతి ఒకటి మర్చిపోయాను. తెల్ల బనీనును ఇంకా తెల్లగా చెయ్యాలని నీలిమందు నీళ్లలో ముంచడం, మెరుపు పొడులతో ఉతకడం మన ఇళ్లలో మామూలే. 19వ శతాబ్దంలో కడప సీమ నీలిమందు పండించి ఎగుమతి చేసిన నేల. కృత్రిమ నీలి 1897లో మార్కెట్లోకొచ్చాక ఆ పంట చేలల్లోంచి చాలావరకు పోయింది. ఇప్పటి బట్టల పొడుల్లో ఉండేవి వేరే రకం మందులు. కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలను పీల్చి నీలి వెలుగుగా వదులుతాయి. ఎండలో తెల్ల బనీను మెరవడం దీనివల్లే. చొక్కా కింద దాగాల్సిన బనీనుకు ఈ మెరుపు శత్రువు. ముదురు బనీన్లను విడిగా, మామూలు సబ్బుతో ఉతకడం మంచిది.

అంగడాయన మా గీటురాయి పరీక్షంతా ఓపికగా చూశాడు. మెట్లెక్కి పైనుంచి ఒక డబ్బా దించాడు. "ఇవి ఎవరూ అడగరు సామీ. తిరుప్పూరు నుంచి కలిపి పంపిస్తారు" అన్నాడు. ముదురు బూడిద, కాఫీ, బొగ్గు రంగు. మావాడు అంగీ మడిచి జబ్బ మీద ఒక్కోటి పెట్టి చూసుకున్నాడు. కాఫీ రంగు ఒంటితో కలిసింది. దాని మీద తెల్ల చొక్కా గుడ్డ కప్పాం. ట్యూబులైటు కింద బాగానే ఉంది. నేను ఒప్పుకోలేదు. మసక వెలుతురులో కన్నుకు చిన్న తేడాలు తెలియవు. అంగట్లో మంచిదనిపించింది ఎండలో బయటపడుతుంది. ముగ్గురం బయటికొచ్చి అరుగు మీద, పన్నెండు గంటల ఎండలో చూశాం. గుడ్డ కింద అంచు ఎక్కడుందో వేలు పెట్టి తడిమితేనే తెలిసింది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే కాలేజీ గేటు ముందర నిలబడి మావాడు ఫొటో తీసి ఇంటికి పంపాడు. జమ్మలమడుగులో మా అక్క ఆ ఫొటో చూసి వెంటనే ఫోను చేసింది.

"ఏం నాయనా, ఇంత ఎండలో బనీను ఏసుకోకుండా పోయినావు?"